కెల్మ్‌స్కాట్ రైతు ఇల్లు: పైకప్పు మీది రాయే ఇంటి ఆకారాన్ని నిర్ణయించిందా?

థేమ్స్‌తీరం:
సభ్యులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. గత నెలలో ఆక్స్‌ఫర్డ్‌షైర్ పశ్చిమపు కొసన, లెచ్‌లేడ్ పట్టణానికి దగ్గరగా, థేమ్స్ ఒడ్డున ఉన్న కెల్మ్‌స్కాట్ అనే చిన్న ఊరికి వెళ్ళి, అక్కడి 'కెల్మ్‌స్కాట్ మేనర్' అనే పాత రాతి ఇంటిని సావకాశంగా చూసి వచ్చాను. సుమారు 1570లో టర్నర్ అనే రైతు కుటుంబం కట్టించిన ఇల్లు అది. కవిగా, నేతపనులకూ గోడ కాగితాలకూ రూపకల్పన చేసిన కళాకారుడిగా పేరుపొందిన విలియం మోరిస్ 1871లో దాన్ని అద్దెకు తీసుకున్నారు. 1896లో కన్నుమూసేవరకూ అది ఆయనకు పల్లెటూరి నివాసంగా ఉంది. ప్రస్తుతం సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ ఆఫ్ లండన్ అనే పురాతత్వ సంఘం దాన్ని చూసుకుంటోంది.

మోరిస్ వస్తువులను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నా మనసు మాత్రం ఇంటి కట్టుబడి మీదే నిలిచిపోయింది. రెండు విషయాలు నాకు అంతుపట్టలేదు. మొదటిది, పై అంతస్తులో వసారా వంటి నడవ లేదు. ఒక గదిలోంచి నడిచి మరో గదిలోకి వెళ్ళాలి. మోరిస్ పడకగదిలోంచే, బొమ్మలు నేసిన పాత తెరలు వేలాడదీసిన పెద్ద గదికి దారి. అంత చేయి తిరిగిన పనివాళ్ళు ఒక నడవ ఎందుకు వదలలేదు? రెండవది, ఇల్లు వెడల్పు తక్కువ, కప్పు ఎత్తు చాలా ఎక్కువ. దూరం నుంచి చూస్తే గోడల కన్నా కప్పే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా? కట్టడాల గురించి తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతగోడలు:
మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట, అంటే కప్పు మీద పరిచిన రాయిలో ఉందని నా అభిప్రాయం. నేను హైదరాబాదులో పాత కట్టడాల పరిరక్షణ పనిలో ఉన్నాను; చదువుకునే రోజుల్లో కెల్మ్‌స్కాట్‌కు దగ్గరి కాట్స్‌వోల్డ్ కొండల ప్రాంతపు రాతి ఇళ్ళను కొన్ని వారాలపాటు కొలిచిన అనుభవం కూడా ఉంది.

అక్కడి కప్పులకు వేసేవి మన బంగాళాపెంకుల వంటి కాల్చిన మట్టి పెంకులు కావు. పలుచగా చీల్చిన సున్నపురాయి పలకలు. ఎంత పలుచగా చీల్చినా వాటి బరువు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు ఉంటుంది. 200 చదరపు మీటర్ల కప్పు అంటే దాదాపు 20 టన్నుల రాయి వాసాల మీద కూర్చున్నట్లు. ఆ పలకలు నున్నగా, సమంగా ఉండవు. ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడు మధ్యన సందులు మిగులుతాయి. గాలితో కొట్టే వాన ఆ సందుల్లోకి ఎక్కకుండా ఉండాలంటే నీరు నిలవకుండా వెంటనే జారిపోవాలి, అంటే వాలు బాగా నిటారుగా ఉండాలి. కాట్స్‌వోల్డ్ కప్పుల వాలు సాధారణంగా 45 డిగ్రీలకు తగ్గదు; 50 డిగ్రీల వరకూ, కొన్నిచోట్ల ఆ పైన కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. గోడకూ గోడకూ మధ్య 6 మీటర్లున్న ఇంటికి 50 డిగ్రీల వాలుతో కప్పు వేస్తే, చూరు నుంచి నడికొప్పు దాకా ఎత్తు మూడున్నర మీటర్లు దాటుతుంది. అదే ఇంటిని 10 మీటర్ల వెడల్పుతో కడితే కప్పు ఒక్కటే 6 మీటర్ల ఎత్తవుతుంది. అంత పొడవైన వాసాలకు సరిపడే ఓక్ కలప దొరకాలి, అంత బరువును అది మోయాలి. అందువల్ల రైతు తన ఇంటిని ఒక గది వెడల్పుకే పరిమితం చేసుకుని, స్థలం కావలసి వచ్చినప్పుడు పొడవునా సాగదీశాడు, లేదా పక్కకు రెక్కలు కలుపుకున్నాడు. ఒక గది వెడల్పున్న ఇంట్లో నడవకు చోటు తీస్తే గది ఇరుకైపోతుంది. గదిలోంచి గదికి నడవడం అక్కడి నుంచే వచ్చింది. మోరిస్ ఈ ఇంటి తొలి ఆకారాన్ని నడిమి గీత తీసేసిన ఇంగ్లీషు 'ఈ' అక్షరంతో పోల్చారు. సన్నని ఇంటికి రెండు కొసల్లో రెండు చేతులు చాచినట్లుండే ఆకారం అది.

బేతంచెర్ల:
ఈ విషయం చదువుతుంటే మా ఊరే కళ్ళముందు మెదిలింది. మా ఇంట్లో మూడు తరాలుగా నాపరాయి పని. మా వైపు పాత ఇళ్ళకు నేలకూ, గోడకూ, కప్పుకూ కూడా నాపబండలే వేసేవారు. కాకపోతే మా కప్పులు చదునుగా ఉంటాయి. దూలాల మీద బండలు పరిచి పైన సున్నపు దిమ్మిస వేసేవారు. మాకు వానలు తక్కువ కాబట్టి అది సాగింది. నా సందేహమల్లా ఒకటే: ఆ పలకలు వాలు మీద జారకుండా ఎలా నిలుస్తాయి? అక్కడివాళ్ళు వాటిని స్లేట్ అంటారు. స్లేట్ వేరు, సున్నపురాయి వేరు కదా?

భూగర్భం:
మీరన్నది నిజం. భూగర్భశాస్త్రం ప్రకారం అది స్లేట్ కాదు. స్లేట్ అనేది బంకమట్టి రాయి విపరీతమైన ఒత్తిడికి గురై మారిన రూపం. వేల్స్ దేశపు స్లేట్ అటువంటిది. కాట్స్‌వోల్డ్ కప్పుల మీదిది జురాసిక్ యుగపు సున్నపురాయి, సుమారు 16 నుంచి 17 కోట్ల సంవత్సరాల వయసున్నది. వాడుకలో మాత్రం 'రాతి స్లేట్' అనే పేరు స్థిరపడిపోయింది. అక్కడి గోడరాయిలో చాలావరకు చేపగుడ్లను గుత్తులుగా అతికించినట్లుండే చిన్న చిన్న గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. వాటిని ఊయిడ్లు అంటారు. మన నాపరాయి, ముఖ్యంగా కర్నూలు ప్రాంతపు నార్జి సున్నపురాయి, దానికన్నా ఎన్నో రెట్లు పాతది, గట్టిది. మన రాయి సుత్తి దెబ్బకు పొరలుగా విడిపోతుంది, వారి రాయికి చలి సాయం కావలసి వచ్చింది.

పాతగోడలు:
చలి సాయం అన్న మాటను కొంచెం విడమరచి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊరు ఈ పలకలకు ప్రసిద్ధి. అక్కడ భూమిలోకి బావుల వంటి గుంటలు తవ్వి, శీతకాలం ముందర రాతి దిమ్మెలను బయటికి తీసేవారు. గనిలోంచి తీసిన రాయిలో సహజంగా తేమ ఉంటుంది. అది ఆరిపోతే ఆ దిమ్మె ఇక చీలడానికి పనికిరాదు. అందువల్ల వాటిని తడి ఆరనివ్వకుండా మట్టి కప్పి ఉంచి, గడ్డకట్టే చలి రాత్రి వచ్చినప్పుడు పరిచి నీళ్ళు చల్లేవారు. ఆ రాత్రి నిద్రలోంచి లేచి పనికి రమ్మని ఊరి చర్చి గంట మోగించేవారని చెబుతారు. నీరు మంచుగా మారినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. రాతి పొరల మధ్య చేరిన తేమ ఆ విధంగా ఉబ్బి పొరలను వదులు చేస్తుంది. తర్వాత సుత్తితో తడితే పలకలుగా విడిపోయేవి. ఒక శీతకాలం చలి సరిగా పడకపోతే ఆ ఏడాది పలకలు తక్కువే.

ఇక నిలవడం గురించి. ప్రతి పలక తలభాగంలో ఒక రంధ్రం చేసి, దానిలో ఓక్ చెక్క సీల దిగ్గొడతారు. వాసాల మీద అడ్డంగా కొట్టిన బద్దలకు ఆ సీల తగులుకుంటుంది. పలక వేలాడుతూ ఉంటుందే కాని అతికించి ఉండదు. పై వరుస పలకలు కింది వరుసను సగానికి మించి కప్పుతాయి కాబట్టి కప్పు మీద ఎక్కడ చూసినా కనీసం రెండు పొరల రాయి ఉంటుంది. లోపలి వైపు సందులను వెంట్రుకలు కలిపిన సున్నంతో మెత్తేవారు.

అన్నిటికన్నా చక్కని విషయం వరుసల అమరిక. గనిలో అన్ని కొలతల రాళ్ళూ దొరుకుతాయి, ఏదీ పారేయడానికి మనసొప్పదు. అందువల్ల రెండడుగుల పొడవున్న పెద్ద పలకలను చూరు దగ్గర, గోడ బరువు మోసే చోట వేసి, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి వేస్తూ, నడికొప్పు దగ్గరికి వచ్చేసరికి ఆరంగుళాల ముక్కలు వేస్తారు. కప్పు మీద పడిన నీరంతా చివరికి చూరు దగ్గరికే చేరుతుంది కాబట్టి అక్కడ అతుకులు తక్కువగా ఉండడం కూడా మంచిది. మోరిస్ కెల్మ్‌స్కాట్ కప్పు గురించి రాస్తూ, ఈ క్రమం చూసినప్పుడు చేప పొలుసులనో పక్షి ఈకలనో చూసిన ఆనందం కలుగుతుందని అన్నారు. పొలుసులూ ఈకలూ కూడా నీటిని జారవిడిచేవే కదా, ఆ పోలిక నాకు ఎంతో ఇష్టం.

చరిత్రపుటలు:
పాతగోడలు గారి లెక్క బాగుంది, కాని నేను పూర్తిగా అంగీకరించలేను. గడ్డి కప్పిన ఇళ్ళలోనూ, చెక్క చట్రాల ఇళ్ళలోనూ, ఇటుక ఇళ్ళలోనూ కూడా 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో నడవలు అరుదు. పెద్ద ప్రభువుల భవనాలలో సైతం ఒక గదిలోంచి మరో గదికి వెళ్ళే పద్ధతే ఉండేది. వారికి కలపకూ డబ్బుకూ లోటు లేదు. ఒంటరిగా ఉండే గది ఒకటి కావాలన్న కోరికే అప్పటికి ఇంకా బలపడలేదు. యజమాని, భార్య, పిల్లలు, పాలేర్లు, పనిమనుషులు ఒకరి కళ్ళముందు ఒకరు బతికిన కాలం అది. నడవ లేకపోవడానికి కప్పు ఒక కారణం కావచ్చు, కాని మనుషుల అలవాటు అంతకన్నా పెద్ద కారణం.

మరో మాట. ఈ ఇంటి పేరులో ఉన్న 'మేనర్' అనే పదం చూసి ఇది జమీందారు మేడ అనుకోకూడదు. ఆ పేరు 19వ శతాబ్దంలో వచ్చింది; అంతకు ముందు ఇది 'లోవర్ ఫార్మ్'. టర్నర్లు యోమన్ వర్గపు రైతులు. మన మాటల్లో మోతుబరి రైతులు అనవచ్చు. 1570 నుంచి 1640 వరకూ ఇంగ్లండ్ పల్లెల్లో అటువంటి రైతులు పెద్దఎత్తున ఇళ్ళు తిరగకట్టుకున్నారని చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్ 1953లో ప్రతిపాదించారు. ఆ కాలాన్ని 'మహా పునర్నిర్మాణం' అని పిలుస్తారు. ఆ తేదీల గురించి తర్వాత వాదోపవాదాలు జరిగాయి, కాని కెల్మ్‌స్కాట్ ఇల్లు సరిగ్గా ఆ కాలపు ఆరంభంలో నిలబడి ఉంది.

ఆ మార్పులో కీలకం చిమ్నీ. అంతకు ముందు ఇంటి నడుమ పెద్ద హాలు, దాని నేల మధ్యలో మంట, పొగ కప్పులోంచి బయటికి. అటువంటి హాలుకు పై అంతస్తు వేయడం సాధ్యపడదు. పొయ్యిని గోడలోకి నెట్టి రాతి పొగగొట్టం కట్టిన తర్వాతే హాలు మీద అటక వేసి, దాని పైన పడకగదులు, ఆ పైన కప్పు లోపలి గదులు ఏర్పరచుకోగలిగారు. కెల్మ్‌స్కాట్‌లో కప్పు కింద ఉన్న గదుల్లో పొలం పనివారూ పశువుల కాపరులూ పడుకునేవారు.

పాతగోడలు:
మీ సవరణను గౌరవంగా స్వీకరిస్తున్నాను. రాయే ఇంటిని నిర్ణయించిందని చెప్పడం అతిశయమే అవుతుంది. అయితే కప్పు లోపలి గదుల గురించి మీరు చెప్పిన మాట నా వాదానికి కూడా బలమిస్తోంది. నిటారు వాలు తప్పనిసరి అయినప్పుడు ఆ లోపలి చోటు ఉచితంగా దొరికినట్లే. దానికి వెలుతురు ఇవ్వడానికి చూరును దాటి గోడనే పైకి లేపి, గేబుల్ అనే ముక్కోణపు గోడ కట్టి, అందులో చిన్న కిటికీ పెట్టారు. కాట్స్‌వోల్డ్ ఇళ్ళ ముఖాన వరుసగా కనిపించే ఆ ముక్కోణాలు అలంకారం కోసం పుట్టినవి కావు.

కెల్మ్‌స్కాట్‌లో ఈశాన్యపు రెక్కను 17వ శతాబ్దం రెండో భాగంలో కలిపారు. ఆ నాటికి టర్నర్లు సంపన్నులై వంశచిహ్నం కూడా పొందారు. ఆ రెక్క గేబుళ్ళలోని కిటికీల మీద చిన్న చిన్న ముక్కోణపు శిరోభాగాలు ఉంటాయి. అవి గ్రీకు, రోమన్ కట్టడాల నుంచి తీసుకున్న రూపం. కిటికీని నిలువుగా విడదీసే రాతి కమ్ములూ, కప్పు వాలూ మాత్రం వందేళ్ళ నాటి పాత పద్ధతిలోనే ఉన్నాయి. కొత్త రుచి కిటికీ తల దాకా వచ్చి ఆగింది, కప్పును మార్చలేకపోయింది.

కొత్తఇల్లు:
మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను. ప్రకాశం జిల్లాలో మా తాతగారు కట్టించిన రాతి ఇల్లు ఒకటి ఉంది, డంగు సున్నంతో కట్టిన గోడలు. నాలుగేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరు సలహా మీద గోడల సందులన్నీ సిమెంటుతో నింపించాను. అప్పటి నుంచి లోపలి గోడ కింది భాగం ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది, గిలాబా పొడిగా రాలిపోతోంది. అంత వానలు పడే ఇంగ్లండ్‌లో 450 ఏళ్ళ గోడ ఎలా పొడిగా ఉంటోంది?

పాతగోడలు:
మీ కష్టం నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చే పనుల్లో సగం ఇటువంటివే. కెల్మ్‌స్కాట్ గోడతోనే చెబుతాను.

అది చెక్కిన రాళ్ళ గోడ కాదు. చెక్కిన రాయి మూలలకూ, కిటికీలకూ, తలుపు చుట్టూ మాత్రమే వాడారు; మిగిలినదంతా ఆ ప్రాంతంలో దొరికే ఒడుదొడుకు రాయి. అటువంటి గోడను లోపల ఒక ముఖం, బయట ఒక ముఖం పేర్చి, నడుమ చిన్న రాళ్ళూ సున్నమూ నింపి కడతారు. అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా వేసి రెండు ముఖాలనూ కలుపుతారు. మందం రెండడుగుల దాకా ఉంటుంది. వాన పడినప్పుడు బయటి ముఖం కొంత నీటిని పీల్చుకుంటుంది. వాన వెలిశాక ఆ తేమ రాళ్ళ మధ్యనున్న సున్నంలోంచి ఆవిరై పోతుంది. అంటే ఆ గోడ తడవకుండా ఉండదు, తడిసి ఆరుతుంది. పాత ఇళ్ళలో ఎప్పుడూ మండే పొయ్యి, దాని చిమ్నీ లాగే గాలి కూడా లోపలి తేమను తీసుకుపోయేవి.

సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు వచ్చింది, అంటే టర్నర్ ఇల్లు కట్టిన రెండున్నర శతాబ్దాల తర్వాత. సిమెంటు రాయి కన్నా గట్టిగా, బిగువుగా ఉండడం వల్ల తేమ దానిలోంచి పోలేక రాయిలోంచే బయటికి రావాలి. చలి దేశంలో ఆ తేమ గడ్డకట్టి రాయి ముఖాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. మన దగ్గర చలి లేదు కాని ఉప్పు ఉంది. తేమతో పైకి ఎక్కిన లవణాలు ఆరే చోట పేరుకుని గిలాబాను పొడి చేస్తాయి. సందుల్లోని సిమెంటును యంత్రంతో కోయకుండా, ఉలితో ఓపికగా తీయించండి. ఒక వేసవి అంతా గోడను ఆరనివ్వండి. ఆ తర్వాత సున్నం గచ్చుతోనే నింపించండి.

బేతంచెర్ల:
కొత్తఇల్లు గారూ, గానుగ తిప్పి సున్నం నూరే మేస్త్రీలు తగ్గిపోయారు గాని అసలే లేకుండా పోలేదు. పాత గుడుల మరమ్మతు పనులు జరిగే చోట విచారించండి.

థేమ్స్‌తీరం:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గోడల విషయం వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. కాట్స్‌వోల్డ్ ఊళ్ళలో రాయి బయటికి కనిపించడమే అందమని అందరూ అంటారు. కెల్మ్‌స్కాట్‌లో మాత్రం ఒక భాగం గోడ మీద పలుచని పూత ఉన్నట్లు అనిపించింది. అది తర్వాతి కాలంలో ఎవరో చేసిన మరమ్మతా?

చరిత్రపుటలు:
మోరిస్ స్వయంగా దీన్ని గమనించి రాశారు. తర్వాత కలిపిన భాగపు గోడలకు వెన్న రాసినట్లు పలుచని పూత ఉందనీ, అది కాలంతోపాటు రాతి రంగులోకే మారిపోయిందనీ ఆయన అన్నారు. ఒడుదొడుకు రాళ్ళ గోడలకు సున్నపు పూతో వెల్లో వేయడం ఆ రోజుల్లో మామూలే. రాయి కనిపించాలని ఉన్న పూతను గీకేయడం తర్వాతి కాలపు మోజు. చర్చిల విషయంలో ఈ గీకుడును చూసి కడుపు మండిన మోరిస్, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ తదితరులతో కలిసి 1877లో పురాతన కట్టడాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించారు. ట్యూక్స్‌బరీ మఠపు చర్చిలో వాస్తుశిల్పి సర్ గిల్బర్ట్ స్కాట్ తలపెట్టిన పునరుద్ధరణ అందుకు తక్షణ కారణం. 'పునరుద్ధరణ' పేరుతో ఏదో ఒక ఊహించిన కాలానికి కట్టడాన్ని వెనక్కి నెట్టవద్దు, ఎప్పటికప్పుడు చిన్న మరమ్మతులతో నిలబెట్టండి అన్నది ఆ సంఘం మాట. ఆరేళ్ళుగా కెల్మ్‌స్కాట్‌కు వస్తూ పోతూ ఉన్న మనిషి ఆ మాట అన్నాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒకే ఇంట్లో 1570ల గోడా 1660ల రెక్కా పక్కపక్కన ఒదిగి ఉండడం ఆయన అక్కడికి వెళ్ళినప్పుడల్లా చూశాడు.

కొత్తఇల్లు:
అయితే అదే మాట ఆ ఇంటికి వర్తించిందా? ఇప్పుడు మనం చూసేదంతా పాతదేనా?

పాతగోడలు:
అంతా కాదు. మోరిస్ చిన్న కుమార్తె మే మోరిస్ 1938లో మరణించిన తర్వాత ఇల్లు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. 1962లో యాంటిక్వరీస్ సంఘం చేతికి వచ్చేనాటికి దాని స్థితి బాగాలేదు. 1960లలో వాస్తుశిల్పి డొనాల్డ్ ఇన్‌సాల్ పర్యవేక్షణలో పెద్ద మరమ్మతు జరిగింది. మళ్ళీ ఇటీవల మరో విడత పని చేసి 2022లో తెరిచారు. రాతి కప్పు సహజంగానే మరమ్మతు కోరుతుంది. రాయి శతాబ్దాలు నిలుస్తుంది గాని చెక్క సీలలూ బద్దలూ అంతకాలం నిలవవు. అవి పాడైనప్పుడు పలకలన్నీ దింపి, బాగున్నవాటిని మళ్ళీ అదే వరుసలో ఎక్కిస్తారు. ఏ పలక ఏ కొలతో వేరు చేసి పేర్చుకోవడమే ఆ పనిలో సగం శ్రమ.

థేమ్స్‌తీరం:
నిన్న మళ్ళీ వెళ్ళి వచ్చాను, ఈసారి మీ మాటలు చేతిలో పెట్టుకుని. ఊళ్ళోకి వెళ్ళే దారిలో పెద్ద రాతి పలకలను నిలువుగా పాతి కంచెగా వాడడం చూశాను. బేతంచెర్ల గారు పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. మీ వైపు నాపబండల కంచె అచ్చం అలాగే ఉంటుంది.

ఇంటి దగ్గర చూరు వరుస నుంచి మొదలుపెట్టి పలకలు లెక్కపెట్టబోయాను గాని సగం దూరం వెళ్ళేసరికి అవి మరీ చిన్నవై కళ్ళకు అందలేదు. పూత ఉన్న గోడ ఎక్కడ మొదలవుతుందో దగ్గరగా వెళ్ళాకే తెలిసింది. రంగులో తేడా దాదాపు లేదు. ఇంకో సంగతి. ఆ గోడలు నిటారుగా కాకుండా పైకి వెళ్ళేకొద్దీ కొంచెం లోపలికి వాలి ఉంటాయని మోరిస్ రాసినట్లు ఒకచోట చదివాను. అక్కడ తూకపు గుండు వేలాడదీసే వీలు లేదు కాబట్టి, మూలరాళ్ళ అంచును నేరుగా ఎదుట నిలబడి ఫోటో తీసి, ఇంటికి వచ్చాక దాని మీద నిలువు గీత గీసి చూశాను. నేల దగ్గర గీతకు తాకిన రాయి, చూరు దగ్గరికి వచ్చేసరికి దాదాపు వేలెడు లోపలికి ఉంది. అది కట్టినప్పుడు చేసిన వాలో, నాలుగు శతాబ్దాల్లో వచ్చిన ఒరుగో ఒక్క ఫోటోతో చెప్పలేను. మిగిలిన మూడు మూలల ఫోటోలు కూడా తీసుకుని వచ్చే వారం పెడతాను; పాతగోడలు గారు చూసి చెప్పగలరు.